అలైన్‌మెంట్‌ను ఆటలో పనికొచ్చేలా వాడటం ఎలా: ప్లేయర్లకూ డీఎంలకూ సమగ్ర మార్గదర్శి

డంజన్స్ అండ్ డ్రాగన్స్ లాంటి రోల్‌ప్లేయింగ్ ఆటల్లో ఒక్కో ప్లేయర్ ఒక్కో పాత్రను, అంటే క్యారెక్టర్‌ను ఆడతారు, కథ నడిపేది డీఎం (డంజన్ మాస్టర్). క్యారెక్టర్ షీట్‌లో పేరు, జాతి, క్లాస్ (యోధుడు, మాంత్రికుడు లాంటి వృత్తి) అన్నీ నింపాక అలైన్‌మెంట్ అని ఒక చిన్న గడి మిగులుతుంది. ఆ క్యారెక్టర్ మంచీచెడుల్లో, కట్టుబాట్లలో ఎటు మొగ్గుతుందో చెప్పే గడి అది: గుడ్ అంటే మంచి, ఈవిల్ అంటే చెడు, లాఫుల్ అంటే నియమానికి కట్టుబడేది, కేయాటిక్ అంటే కట్టుబడనిది, న్యూట్రల్ అంటే ఎటూ మొగ్గనిది. చాలామంది అర నిమిషంలో అందులో రెండు మాటలు రాసేసి మళ్లీ అటు తిరిగి చూడరు. కొన్ని టేబుళ్ల దగ్గర మాత్రం సగం గొడవలు ఆ గడిలోంచే పుడతాయి. "నువ్వు లాఫుల్ గుడ్ కదా, కాపలావాడికి అబద్ధం ఎలా చెప్తావు?" అని ఒకరు నిలదీస్తారు. "నేను కేయాటిక్ న్యూట్రల్, అందుకే నీ సంచి కొట్టేశాను" అని ఇంకొకరు సమర్థించుకుంటారు. ఇద్దరూ దాన్ని తలకిందులుగా వాడుతున్నారు. క్యారెక్టర్ చేసిన పనులు చూసి అలైన్‌మెంట్ రాసుకోవాలి. అంతేగానీ అలైన్‌మెంట్ చూపించి క్యారెక్టర్ చేత పనులు చేయించకూడదు. ఈ మార్గదర్శి మొత్తం ఆ ఒక్క మాట మీదే నడుస్తుంది. ఉదాహరణలు ఎక్కువగా డంజన్స్ అండ్ డ్రాగన్స్‌వి, ఎందుకంటే అలైన్‌మెంట్ పుట్టింది అక్కడే.

మొదటి మెట్టు: మీ ఆటలో అలైన్‌మెంట్ ఏ పని చేస్తుందో తేల్చుకోండి

మొదట్లో అలైన్‌మెంట్ అంటే స్వభావం కాదు, పక్షం. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ 1974లో తెచ్చిన తొలి ఆటలో ఉన్నవి మూడే: లా (కట్టుబాటు), న్యూట్రాలిటీ (తటస్థం), కేయాస్ (అరాచకం). పౌల్ ఆండర్సన్, మైఖేల్ మూర్‌కాక్‌ల ఫాంటసీ కథల ప్రభావం అది. వాటిలో లా, కేయాస్ అనే రెండు మహాశక్తులు లోకం కోసం పోట్లాడుకుంటాయి. ఏ జీవి ఏ పక్షమో చెప్పే పట్టిక ఒకటి ఆ రూల్‌బుక్‌లో ఉంది. అందులో మనుషులు మూడు పక్షాల కిందా కనిపిస్తారు. యుద్ధం వస్తే ఎవరు ఎటు నిలబడతారన్నదే అక్కడ ప్రశ్న.

గుడ్, ఈవిల్ అనే రెండో కొలత 1976 ఫిబ్రవరిలో ద స్ట్రాటెజిక్ రివ్యూ పత్రికలో గైగాక్స్ రాసిన వ్యాసంతో వచ్చింది. 1977 బేసిక్ సెట్‌లో ఐదు అలైన్‌మెంట్లు పెట్టారు. ఈ రెండు కొలతలనూ కలిపితే వచ్చే, ఇప్పుడు అందరికీ తెలిసిన తొమ్మిది గడులు 1978 నాటి అడ్వాన్స్‌డ్ ప్లేయర్స్ హ్యాండ్‌బుక్‌లోవి. ఆ ఎడిషన్‌లో అలైన్‌మెంట్ ఒక తాళం కూడా అయింది. పాలడిన్ (ప్రమాణానికి కట్టుబడిన పవిత్ర యోధుడు) లాఫుల్ గుడ్ అయి తీరాలి, అసాసిన్ (హంతకుడు) ఈవిల్ అయి తీరాలి, డ్రూయిడ్ (ప్రకృతిని కొలిచే పూజారి) న్యూట్రల్‌గానే ఉండాలి. ఒక్కో అలైన్‌మెంట్ వాళ్లకు సొంత భాష ఉండేది. అలైన్‌మెంట్ మారితే ఏకంగా ఒక లెవెల్ (క్యారెక్టర్ ఎదిగిన మెట్టు) పోయేది.

2008లో నాలుగో ఎడిషన్ తొమ్మిదిని ఐదుకు కుదించింది. 2014లో ఐదో ఎడిషన్ తొమ్మిదినీ వెనక్కి తెచ్చింది గానీ కోరలు తీసేసింది. పాలడిన్ ఏ అలైన్‌మెంట్‌లోనైనా ఉండొచ్చు, నిలబెట్టుకోవాల్సింది తన ప్రమాణాన్ని. డిటెక్ట్ ఈవిల్ అండ్ గుడ్ అనే స్పెల్ (మంత్రం) ఇప్పుడు మనిషి మనసులో చెడు ఉందో లేదో చెప్పదు. 30 అడుగుల లోపల ఫీండ్ (దయ్యం), అన్‌డెడ్ (చచ్చీ తిరిగేది), సెలెస్టియల్ (దివ్య జీవి) లాంటి జీవులు ఉన్నాయా అన్నది మాత్రమే చెప్తుంది.

అంటే ఒకే పేరుతో మూడు వేర్వేరు పనులు చేయించారు: పక్షం, స్వభావం, తాళం. మీ టేబుల్‌లో ఒకరు పాత ఎడిషన్ ఆడి వచ్చి, ఇంకొకరు ఐదో ఎడిషన్‌తో మొదలుపెట్టి ఉంటే ఇద్దరి తలలోనూ వేరే వేరే అలైన్‌మెంట్లు ఉంటాయి. కాబట్టి డీఎం ముందే నోరు తెరిచి చెప్పాలి. దేవతలూ దయ్యాలూ తలపడే క్యాంపెయిన్ (చాలా సెషన్ల పాటు సాగే కథ) అయితే పక్షంగా వాడండి. రాజ్యాల కుట్రలు, ఊళ్ల మధ్య పగలు, మనుషుల కథలు అయితే స్వభావానికి గుర్తుగా వాడండి. తాళంగా వాడటం టేబుల్ మొత్తం కోరుకుంటేనే. ఒక్కరికి ఇష్టం లేకపోయినా ఆ తాళం ఆ ఒక్కరికి సంకెళ్లవుతుంది.

రెండో మెట్టు: మాటలకు అర్థం మీరే కుదుర్చుకోండి

రూల్‌బుక్‌లో ఒక్కో అలైన్‌మెంట్‌కు ఇచ్చేది రెండు మూడు వాక్యాలే. వాటి మీద పడి తర్కించుకోవడం కంటే, టేబుల్ మీద వాడుకోదగిన ప్రశ్నలుగా మార్చుకోవడం మేలు.

గుడ్, ఈవిల్‌లకు నేను వాడే ప్రశ్న ఇది: ఒక పని వల్ల నష్టం వస్తే, ఆ నష్టం ఎవరు భరించాలని ఈ క్యారెక్టర్ అనుకుంటుంది? ముక్కూమొహం తెలియనివాళ్ల కోసం కూడా తనే భరించడానికి సిద్ధపడితే గుడ్. తన వాళ్ల కోసం భరిస్తుంది, ఊరందరి కోసం భరించదు అంటే న్యూట్రల్. లాభం తనకీ నష్టం అమాయకులకీ అని తెలిసీ నిద్ర పడుతుందంటే ఈవిల్.

లా, కేయాస్‌ల దగ్గరే ఎక్కువ తికమక. లాఫుల్ అంటే ఏ ఊరికి వెళ్తే ఆ ఊరి చట్టానికి తలవంచడం అనుకుంటారు. కాదు. బానిసల సంత నడిపే నగరంలో అక్కడి చట్టాన్ని ధిక్కరించే పాలడిన్ కూడా లాఫులే, ఎందుకంటే ఆమె నియమం ఆమె లోపల ఉంది. అలాగే కేయాటిక్ అంటే పిచ్చి పనులు చేయడం కాదు. ప్రతి నిర్ణయాన్నీ ఆ క్షణంలో తన మనసుతోనే తూచుకుంటాడు, నిన్నటి నియమం ఇవాళ కట్టిపడేయడానికి ఒప్పుకోడు. ఇక్కడ పనికొచ్చే ప్రశ్న: ఇచ్చిన మాట ఇప్పుడు నష్టం తెచ్చేలా ఉంటే ఈ క్యారెక్టర్ ఏం చేస్తుంది? మాట కోసం నిలబడితే లా వైపు, పరిస్థితి మారింది కాబట్టి మాటా మారుతుందంటే కేయాస్ వైపు.

ఒక సందర్భం తీసుకుందాం. శత్రువులు కోటను ముట్టడించారు. లోపల తిండి అయిపోతోంది. ఒక వర్తకుడి గిడ్డంగి నిండా ధాన్యం ఉంది, తాళం వేసుకుని కూర్చున్నాడు. లాఫుల్ గుడ్ క్లెరిక్ (పూజారిణి) కోట అధికారి దగ్గరికి వెళ్లి, ధాన్యం స్వాధీనం చేసుకుని అందరికీ సమానంగా పంచే ఉత్తర్వు ఇవ్వమని పట్టుబడుతుంది, వర్తకుడికి రావాల్సింది ఇప్పించాలని కూడా అంటుంది. కేయాటిక్ గుడ్ రేంజర్ (అడవుల్లో తిరిగే వేటగాడు) అంతదాకా ఆగడు, ఆ రాత్రే తాళం పగలగొట్టి పిల్లలున్న ఇళ్ల ముందు మూటలు పెట్టి వస్తాడు. న్యూట్రల్ ఫైటర్ తన దళానికి సరిపడా దొరికిందా లేదా అని చూసుకుంటాడు. లాఫుల్ ఈవిల్ విజర్డ్ (మాంత్రికుడు) వర్తకుడితో కూర్చుని ఒప్పందం రాయించుకుంటాడు: గిడ్డంగికి కాపలా నాది, కొరత ముదిరాక అమ్మితే సగం నాది. ఆ ఒప్పందంలో ఒక్క అక్షరం కూడా తప్పడు, ఆకలితో వచ్చినవాళ్లను గుమ్మం దగ్గరే ఆపేస్తాడు. ఈ నలుగురూ ఒకే పార్టీలో (కలిసి సాహసాలకు వెళ్లే బృందంలో) ఉంటే సెషన్ మొత్తం దీని మీదే నడుస్తుంది. అధికారి ఉత్తర్వు ఇవ్వనంటే క్లెరిక్ ఏం చేస్తుందన్నది మరింత మంచి ప్రశ్న.

ట్రూ న్యూట్రల్ (రెండు కొలతల్లోనూ న్యూట్రల్) గురించి ఒక హెచ్చరిక. మంచీ చెడూ సమానంగా ఉండాలి, ఏ పక్షం గెలిచినా త్రాసు సరిచేస్తాను అనే రకం పాత డ్రూయిడ్లలో ఉండేది. కాగితం మీద గంభీరంగా ఉంటుంది గానీ, పార్టీ గెలుస్తున్నప్పుడల్లా అడ్డం తిరిగే సభ్యుడితో ఆడటం అందరికీ కష్టం. ఆ సమతుల్యాన్ని నిజంగా కాపాడాల్సిన లోకం డీఎం సృష్టిస్తేనే దాన్ని తీసుకోండి. లేకపోతే ఎటూ మొగ్గని మామూలు మనిషిగా ఆడటమే హాయి.

మూడో మెట్టు: సెషన్ జీరోలో అడగాల్సినవి

కథ మొదలయ్యే ముందు అందరూ కూర్చుని మాట్లాడుకునే సెషన్ జీరోలో దీనికి పావుగంట కేటాయించండి. మొదట, ఆటలో అసలు చూపించకూడని క్రూరత్వం ఏదైనా ఉందా అని అడగండి. ఏ అలైన్‌మెంట్ అయినా ఆ గీతకు లోబడే ఉంటుంది, ఈవిల్ క్యారెక్టర్‌కు కూడా మినహాయింపు లేదు. తర్వాత, పార్టీలో ఒకరినొకరు దోచుకోవడం, పొడుచుకోవడం కుదురుతుందా అని అడగండి. ఎక్కువ టేబుళ్లకు కుదరదు, ఆ మాట ముందే అనుకుంటే తర్వాత టెన్షన్ ఉండదు.

ఈవిల్ క్యారెక్టర్ ఆడతానని ఎవరైనా అంటే వెంటనే వద్దనకండి. ఒకటే అడగండి: "నీ క్యారెక్టర్ ఈ పార్టీని ఎందుకు వదిలి వెళ్లదు?" చెల్లెలు ఈ పార్టీలోనే ఉంది, ఒకే శత్రువు మీద పగ ఉంది, వీళ్లు లేకపోతే తన పథకం సాగదు, ఇలాంటి గట్టి జవాబు వస్తే ఆ క్యారెక్టర్ కథకు గొప్ప బలం. "చూద్దాం" అంటే మాత్రం ఇంకో క్యారెక్టర్ చేయించండి.

నాలుగో మెట్టు: రెండు మాటలను మూడు వాక్యాలు చేయండి

ఇది ప్లేయర్ పని. కేయాటిక్ గుడ్ అని రాసి వదిలేస్తే ఆటలో చిక్కుముడి వచ్చినప్పుడు అది ఏ సాయమూ చేయదు. దాని కింద మూడు వాక్యాలు రాసుకోండి. ఏం జరిగినా చేయనిది ఒకటి, దేనికోసం ఆ గీత కూడా దాటతారో ఒకటి, ఎవరి మాట వింటే మనసు మార్చుకుంటారో ఒకటి.

ఒక రోగ్ (దొంగ) షీట్ ఇలా ఉండొచ్చు. "ఆకలితో ఉన్నవాళ్ల దగ్గర ఎప్పుడూ దొంగిలించను. మా అన్నను చెరసాల నుంచి విడిపించడానికి మాత్రం ఎవరి ఇల్లయినా దోచుకుంటాను. నన్ను పెంచిన ముసలి తాళాలవాడు వద్దంటే ఆగుతాను." కేయాటిక్ గుడ్ అనే పేరు కంటే ఈ మూడు వాక్యాల్లో ఎంత కథ ఉందో చూడండి. డీఎంకు కూడా కావాల్సింది దొరికింది: ఒక చెరసాల, ఒక తాళాలవాడు, అన్నను విడిపించే తాళంచెవి ఉన్న ఒక పేద ఇల్లు. మొదటి వాక్యాన్నీ రెండో వాక్యాన్నీ ఎదురెదురుగా నిలబెట్టే రోజు ఎప్పుడో ఒకప్పుడు రావాలి.

ఐదో మెట్టు: డీఎం పెట్టే పరీక్ష

అలైన్‌మెంట్‌కు ప్రాణం వచ్చేది ఇక్కడే. అందుకే ఒక సన్నివేశాన్ని మొదటి నుంచీ చూద్దాం.

పార్టీ గాబ్లిన్ల (పొట్టి రాక్షస జాతి) గుహల్లోకి దొంగచాటుగా వెళ్తోంది. దారిలో ఒక కాపలా గాబ్లిన్ చిక్కాడు. ఆయుధం కింద పడేసి, ప్రాణాలతో వదిలేస్తే బందీలున్న చోటు చెప్తానన్నాడు. పాలడిన్ ఒప్పుకుంది. అతను చెప్పాడు, చెప్పింది నిజమేనని తేలింది. ఇప్పుడతన్ని ఏం చేయాలి? వదిలేస్తే పరుగెత్తి గంట కొట్టొచ్చు. కట్టి పడేస్తే ఈ సొరంగాల్లో తిరిగే పెద్ద సాలెపురుగులు వదలవు. వెంట తీసుకెళ్తే చప్పుడు. రోగ్ కత్తి తీసి పాలడిన్ వైపు చూశాడు: "నువ్వు మాటిచ్చావు. నేను ఇవ్వలేదు."

ఈ సన్నివేశం ఎందుకు పనిచేస్తుందో గమనించండి. మాట ఇచ్చింది ప్లేయరే, డీఎం నెత్తిన రుద్దలేదు. ఏ దారి పట్టినా ఎంతో కొంత పోతుంది. ముందుకు వెళ్లక తప్పదు కాబట్టి గంటల తరబడి వాదించే వీల్లేదు. ఇంకొక్కటి చేయండి, ఆ గాబ్లిన్‌కు ఒక పేరు పెట్టండి, చిట్కా అనుకుందాం. "గాబ్లిన్ వణుకుతున్నాడు" అనడానికీ "చిట్కా తన చెవికున్న ఇత్తడి పోగు తీసి మీ ముందు పెట్టాడు, అతని దగ్గరున్నది అదొక్కటే" అనడానికీ మధ్య టేబుల్ ఎంత మారిపోతుందో మీరే చూస్తారు.

ఆ సమయంలో డీఎం చేయాల్సింది తక్కువ. ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచి "నువ్వేం చేస్తున్నావు?" అని అడగండి. అలైన్‌మెంట్ అన్న మాట ఎత్తకండి. మీ మనసులో సరైన జవాబు ఒకటి దాచుకోకండి. ప్లేయర్లు మీరు ఊహించని దారి కనిపెడితే, ఉదాహరణకు పాలడిన్ తన సొంత డాలు అతనికిచ్చి సాలెపురుగుల నుంచి కాపాడుకోమని బయటి దారి చూపిస్తే, దాన్ని తెలివితక్కువతనంగా శిక్షించకండి.

ఫలితం మాత్రం తప్పక కనిపించాలి, అదీ వెంటనే కాకుండా. వదిలేస్తే రెండు సెషన్ల తర్వాత గాబ్లిన్ల రాయబారి ఆ డాలును గుర్తుపట్టి ముందు మాట్లాడదాం అనొచ్చు. చంపేస్తే తర్వాత చిక్కిన ఏ గాబ్లినూ లొంగిపోడు, చివరిదాకా పోరాడతాడు, ఎందుకంటే ఈ పార్టీ మాటకు విలువ లేదని ఆ గుహలన్నీ విన్నాయి. దయకు ప్రతిసారీ బహుమతి ఇస్తే అదీ బేరమైపోతుంది. అప్పుడప్పుడూ దయ చూపినందుకు నష్టం కూడా రానివ్వండి. నష్టమొస్తుందని తెలిసీ దయ చూపించిన ప్లేయర్ నిజంగానే గుడ్ ఆడుతున్నట్టు.

పాలడిన్ల విషయంలో ఒక దురలవాటు చాలాకాలంగా ఉంది: ఏం చేసినా ప్రమాణ భంగమయ్యే ఉచ్చు పన్ని, శక్తులు లాగేసుకోవడం. దయచేసి ఇది చేయకండి. మూడో ఎడిషన్‌లో కూడా శక్తులు పోయిన పాలడిన్‌కు తిరిగి వచ్చే దారిగా అటోన్‌మెంట్ (ప్రాయశ్చిత్తం) అనే స్పెల్ ఉంచారు. ప్లేయర్ గీత దాటబోతుంటే పాచిక వేయకముందే అడగండి: "ఇది నీ ప్రమాణానికి విరుద్ధమని నీ క్యారెక్టర్‌కు తెలుసు. తెలిసే చేస్తున్నావా?" అవునంటే అది ప్లేయర్ ఎంచుకున్న కథ, ఇద్దరూ కలిసి ఆడండి. ప్లేయర్ మరిచిపోయిన విషయం పాలడిన్‌కు మాత్రం గుర్తుంటుంది.

ఆరో మెట్టు: మార్పును నమోదు చేయడం

సెషన్ అయ్యాక డీఎం ఒక్కో క్యారెక్టర్ పేరు ఎదురుగా ఒక వాక్యం రాసుకుంటే చాలు, ఆ రోజు చేసిన అతి బరువైన పని ఏదో. పాయింట్లు వేయకండి. పాయింట్లు వేస్తే, ఒక ఊరిని తగలబెట్టి ఆ తర్వాత పది మంది బిచ్చగాళ్లకు నాణేలిచ్చి లెక్క సరిచేసుకునే ప్లేయర్లు తయారవుతారు.

నాలుగైదు సెషన్ల వాక్యాలు వరుసగా చదివితే దారి తెలుస్తుంది. షీట్ మీద ఉన్నదీ వాక్యాల్లో ఉన్నదీ వేరుగా కనిపిస్తే ప్లేయర్‌తో విడిగా మాట్లాడండి, అందరి ముందూ వద్దు. "నీ క్యారెక్టర్ న్యూట్రల్ వైపు జారుతోందనిపిస్తోంది. నీకెలా అనిపిస్తోంది?" అని అడగండి. చాలాసార్లు వాళ్లు మీకు తెలియని కారణం చెప్తారు. మారిందని ఇద్దరూ అనుకుంటే గడిలో మార్చి, లోకంలో దానికి ఒక గుర్తు చూపించండి. గుడి మెట్ల మీద పూజారిణి ఇదివరకటిలా ఎదురు రాకపోవడం సరిపోతుంది. లెవెల్ కోయడం లాంటి పాత శిక్షలు అవసరం లేదు, మారడమే కథకు లాభం.

"నా క్యారెక్టర్ ఇలాగే చేస్తుంది" అన్న మాటతో ఎవరైనా టేబుల్ ఆటను పాడు చేస్తుంటే అది అలైన్‌మెంట్ సమస్య కాదు. ఆ క్యారెక్టర్‌ను తయారుచేసింది ప్లేయరే, కాబట్టి ఆట ఆపి ప్లేయర్‌తోనే మాట్లాడాలి.

ఏడో మెట్టు: రాక్షసులు, శత్రు జాతులు

మూడో ఎడిషన్ రాక్షసుల వివరాల్లో అలైన్‌మెంట్ ముందు ఒక చిన్న మాట చేర్చేవారు: ఎల్లప్పుడూ, సాధారణంగా, తరచుగా అనే అర్థంలో. ఏ ఎడిషన్ ఆడినా ఆ అలవాటు తెచ్చుకోండి. డెమన్ లాంటి జీవి చెడుతోనే తయారైంది, దానికి ఎల్లప్పుడూ అన్నది సరిపోతుంది. ఆర్క్‌లు, గాబ్లిన్లు, డ్రౌలు లాంటి జాతులకు పిల్లలుంటారు, ఊళ్లుంటాయి, గొడవలుంటాయి. ఒక జాతి మొత్తాన్ని పుట్టుకతో చెడ్డదిగా రాస్తే పై సన్నివేశంలో చిట్కా గురించి ఆలోచించాల్సిన పనే ఉండదు, పరీక్షే మాయమవుతుంది. శత్రువులకు జాతితో కాకుండా వాళ్ల నాయకుడు, దేవుడు, ఆకలి, పగ ఆధారంగా అలైన్‌మెంట్ ఇవ్వండి.

అలైన్‌మెంట్ మీకు కుదరకపోతే

తీసేయొచ్చు, చాలా ఆటలు దాన్ని ఏనాడూ వాడలేదు. 1978లో వచ్చిన రూన్‌క్వెస్ట్‌లో అలైన్‌మెంట్ లేదు, క్యారెక్టర్ ఏ కల్ట్‌కు (దేవుణ్ని కొలిచే శాఖకు) చెందిందన్నదే ముఖ్యం. 1985లో గ్రెగ్ స్టాఫర్డ్ తెచ్చిన పెండ్రాగన్‌లో దయ, క్రూరత్వం లాంటి 13 గుణాల జతలుంటాయి. ఒక్కో జతలో రెండు అంకెలు కలిపితే 20. ఒకటి పెరిగితే రెండోది తగ్గుతుంది. ఏం చేయాలో తోచనప్పుడు 20 ముఖాల పాచికతో ఆ గుణాన్నే పరీక్షించుకుంటారు. పాత్‌ఫైండర్ రెండో ఎడిషన్ 2023 రీమాస్టర్‌లో (సవరించిన ముద్రణలో) అలైన్‌మెంట్‌ను తీసేసి, చేయాల్సినవి, చేయకూడనివి అని రెండు చిన్న జాబితాలతో నడిపిస్తోంది. నాలుగో మెట్టులో రాసుకున్న మూడు వాక్యాలు దాదాపు ఇదే పని చేస్తాయి.

నాకు బాగా నచ్చింది 2012లో వచ్చిన డంజన్ వరల్డ్ పద్ధతి. అందులో ప్రతి అలైన్‌మెంట్ ఒక పని రూపంలో ఉంటుంది. గుడ్ పాలడిన్‌కైతే, తనకంటే బలహీనులను కాపాడటానికి తనను తాను ప్రమాదంలో పెట్టుకోవడం. సెషన్‌లో ఒక్కసారైనా ఆ పని చేస్తే చివర్లో ఒక ఎక్స్‌పీరియన్స్ పాయింట్ వస్తుంది. దీన్ని ఏ ఆటలోకైనా తెచ్చుకోవచ్చు. ఇప్పటికే నడుస్తున్న క్యాంపెయిన్ అయితే అందరినీ ఒకేసారి మార్చకండి. ఇష్టపడిన ఒకరిద్దరితో మొదలుపెట్టండి. లెవెల్ పెరిగినప్పుడల్లా ఆ పనిని మార్చుకునే వీలు ఇవ్వండి. ఐదో ఎడిషన్‌లో పాయింట్‌కు బదులు ఇన్‌స్పిరేషన్ (పాచిక వేసేటప్పుడు కలిసొచ్చే చిన్న బహుమతి) ఇస్తే లెక్కలు చెడకుండా సరిపోతుంది.